తొంభై అంగల జాగా

చక్రాలు రోడ్డును తాకడానికి నాలుగు క్షణాల ముందు నీలవేణికి ఆ పసుపు రంగు కనిపించింది.

తారు రోడ్డు మీద సగం మేర, పొడవునా ఏదో పరిచి ఉంది. ఎదుట తెర మీద మాత్రం ఆకుపచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. నేల గట్టిది, దిగవచ్చు అని దాని అర్థం. విమానం పొట్ట కింద ఉన్న ఆ యంత్రానికి అరికాలు అని పేరు పెట్టింది ఆమె అన్న వేదాచారి. దాన్ని తయారు చేసిందీ అతనే. అది కిందికి శబ్దపు అలలు పంపి, తిరిగొచ్చిన అలల్ని బట్టి నేలను తడిమి చూస్తుంది. బురద తగిలితే చక్రాలను మెత్తగా, వెడల్పుగా మారుస్తుంది. రాయి తగిలితే బిగదీస్తుంది. దాని పుణ్యాన మిడత అనే ఆ రెండు సీట్ల బుల్లి విమానం దుక్కుల్లో, ఎండిన చెరువుల్లో, ఏటి ఇసుకలో నలభై ఒక్కసార్లు దిగింది.

ఇది నలభై రెండో పరీక్ష. అరికాలు ఇప్పుడు కూడా అబద్ధం చెప్పలేదు. తారు గట్టిదే. కానీ తారు మీద మక్కలు ఆరబోసి ఉన్నాయి.

బిగుసుకున్న చక్రాల కింద మొక్కజొన్న గింజలు బేరింగు గుండ్లలా దొర్లాయి. నీలవేణి బ్రేకు తొక్కింది. మిడత ఆగలేదు సరికదా, అడ్డం తిరిగింది. అప్పుడే ఒక ఆడమనిషి చేతులు చాచి ఎదురుగా పరుగెత్తుకు వచ్చింది. ఎడమ చక్రాన్ని మోసే ఊచ ఆమె మోకాలికి తగిలిన చప్పుడు, మోటారు మోతలో కూడా నీలవేణికి స్పష్టంగా వినిపించింది.

ఆమె పేరు బానోతు కేళీ. ఊరు రేగుల తండా.

నీలవేణి కిందికి దూకి ఆమె తలను ఒళ్ళోకి తీసుకునేసరికి చుట్టూ యాభైమంది పోగయ్యారు. సగంమంది చేతుల్లో ఫోన్లు. ఒక ముసలాయన విమానం లోపలికి తొంగి చూసి, "ఎమ్మెల్యే ఏడి?" అన్నాడు.

"ఎవ్వరూ లేరు పెద్దయ్యా. అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

"మరి ఎవ్వరు లేంది విమానమెందుకచ్చింది?" ఆయన నిజంగానే అర్థంకాక అడిగాడు.

*

ప్రమాద నివేదిక ఎనిమిది పేజీలు. భద్రతా సంఘం అధ్యక్షుడు పరాంకుశం దాన్ని బల్ల మీద తిప్పి నీలవేణి ముందుకు జరిపాడు. వైమానిక దళంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు.

"ఆరో పేజీ చూడండి."

చూసింది. 'తమాషా చూడాలన్న కుతూహలంతో ఒక మహిళ, విమానం దిగే దారిలోకి చొరబడింది.'

"ఆమె ఎందుకొచ్చిందో మనం అడగలేదు కదా సార్."

"విమానం దిగుతుంటే జనం ఎందుకొస్తారమ్మాయ్? చూడ్డానికే. అందుకే ఇక మీదట మీ యంత్రానికి ఒక అడ్డు ఉండాలి. దారికి ముప్పై మీటర్ల లోపు మనిషి ఉంటే విమానం దిగనే కూడదు. అది పెట్టండి, నేను దగ్గరుండి పరీక్షిస్తాను. సంతకం పెట్టకపోతే తప్పు యంత్రానిదవుతుంది. మిడత షెడ్డు దాటదు."

వాగులు పొంగితే నాలుగు నెలలు డాక్టరు మొహం చూడని తండాలు ఆ ఒక్క జిల్లాలోనే అరవై ఉన్నాయి. ఆ అరవై కోసమే మిడత. నీలవేణి ఆ అంకెను మనసులో రెండుసార్లు చెప్పుకుని సంతకం పెట్టింది.

ఆ కాగితం ఆధారంగా వారం తర్వాత పోలీసులు కేళీ మీద కేసు కట్టారు. విమానానికి అడ్డుపడి, నడిపే మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చిందట.

*

కేళీ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. కాలికి తొడ నుంచి మడమ దాకా పిండికట్టు. నీలవేణి తెచ్చిన బత్తాయిల సంచి వైపు ఆమె చూడనైనా చూడలేదు.

"గా కాయిదంల ఏమున్నదో నా బిడ్డ సదివి సెప్పింది. నేను తమాషా సూడనీకి అచ్చిన్నట."

నీలవేణి సంచిని మంచం పక్కన పెట్టింది.

"మూడు నెలలు నీళ్ళు గట్టిన. కోసి, పట్టించి, రోడ్డు మీద పోసిన. నీ ఇమానం గాలికి నా మక్కలు లేసి కందకంల పడుతున్నయ్. నా మక్కలు పట్టుకోనీకి ఉరికిన. ఇమానం మొకం గూడ సూడలే నేను."

"అది నాకు తెలియదు అక్కా."

"అడిగినవా?"

"లేదు."

"అడగకుంటెనే రాసిన్రు. కింద సంతకం నీదేనంట గద." కేళీ ఆ మాట గొంతు పెంచకుండానే అంది. "నీ ఇమానమే నా మక్కల మీదికచ్చింది. నేను నీ ఇమానం మీదికి రాలే. కోర్టుల గిదే సెప్త. వాయిదా కాయిదమచ్చింది, వచ్చే నెల పదెనిమిది. ఈ కాలుతోని మానుకోటకి రెండు బస్సులు మారాలె."

నీలవేణి లేచింది.

"కాయలు తీస్కపో," అంది కేళీ.

*

వేదాచారి ఆ అడ్డుకు కంచె అని పేరు పెట్టాడు. పొట్ట కింద రెండు కెమెరాలు. అవి మనుషుల్ని గుర్తుపడతాయి, లెక్కపెడతాయి, ప్రతి మొహానికీ ఒక గుర్తు వేసుకుంటాయి. దారి పక్కన ఒక్క మనిషి ఉన్నా సరే, విమానాన్ని వంద అడుగుల కంటే కిందికి రానివ్వవు. నడిపేవాళ్ళ చేతిలో దాన్ని ఆపే మీట లేదు. మీట ఉండకూడదన్నది పరాంకుశం షరతు. తీగలన్నీ ఒక డబ్బాలోకి చేర్చి, ఆయనే స్వయంగా లక్క సీలు వేశాడు.

"అన్నా, ఈ దేశంలో మనిషి లేని రోడ్డు ఎక్కడుంది?" అని అడిగింది నీలవేణి.

వేదాచారి స్క్రూ తిప్పడం ఆపలేదు. "ఒక ఆడమనిషి కాలు విరిగింది నీలా. నా యంత్రం గట్టిగుందన్నది, నువ్వు దిగినవ్. ఇంకోసారి అట్లయితే నాకు నిద్ర పట్టదు."

"నీకు ఇప్పుడు పడుతున్నదా?"

"పడ్తలేదు," అన్నాడతను.

*

పరీక్షకు మళ్ళీ రేగుల తండా రోడ్డునే ఎంచుకున్నారు. మే నెల రెండో వారం. ఉదయం నుంచీ పోలీసులు రెండు వైపులా తాళ్ళు కట్టి, ఎవర్నీ రానివ్వకుండా రోడ్డు కాశారు. సగం రోడ్డు మీద మక్కలు అలాగే ఉన్నాయి. సగం ఖాళీ చేయిస్తే చాలని ఎస్సై అనుకున్నాడు. వేదాచారి తన వ్యానుతో ఊరి మొదట్లో నిలబడ్డాడు.

మిడత నూరు కిలోమీటర్ల దూరంలోని షెడ్డు నుంచి బయల్దేరింది. వెనక సీట్లో పరాంకుశం. మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు తండా కనిపించింది. దాని వెనకే మబ్బు కూడా కనిపించింది. పడమటి దిక్కున ఆకాశం నల్లగా, నేల దాకా వేలాడుతోంది.

"గాలివాన," అంది నీలవేణి. "త్వరగా దిగాలి సార్."

మూడు వందల అడుగులు. రెండు వందలు. నూట పది. తెర ఎర్రబడింది. ఆమె చేతిలోని కడ్డీ రాయిలా బిగుసుకుంది. మిడత తనంతట తానే పైకి లేచింది.

"భేష్," అన్నాడు పరాంకుశం. "కంచె పనిచేస్తోంది. ఎవరో తాడు దాటినట్టున్నారు. ఇంకోసారి రండి."

ఆమె చుట్టు తిరిగి వచ్చింది. మళ్ళీ ఎరుపు. ఈసారి కిందికి చూసింది. తాళ్ళు తెగిపడి ఉన్నాయి. రోడ్డు నిండా జనం. పక్క ఊరి రోడ్డు ప్రయత్నించింది. అక్కడా జనమే. మట్టి బాటా అంతే. కోసిన చేలల్లో మొక్కజొన్న మోళ్ళు ఈటెల్లా నిలబడి ఉన్నాయి. వాటిని చూసి అరికాలు వద్దంది. చెరువు నిండుగా ఉంది.

ఛార్జింగు పద్నాలుగు నిమిషాలకు సరిపడా ఉంది. షెడ్డుకు నలభై నిమిషాలు.

"వెనక్కి తిప్పండి," అన్నాడు పరాంకుశం.

"వెనక్కి చేరలేం సార్. ఎదురుగాలి."

"అయితే జనం వెళ్ళిపోయేదాకా తిరుగుతూ ఉండండి. తమాషా ఎంతసేపు చూస్తారు?"

నీలవేణి రెక్క వంచి తండా మీదుగా ఒక చుట్టు వేసింది. కింద మనుషులు టార్పాలిన్లు లాగుతున్నారు, మక్కలు కుప్ప చేస్తున్నారు, గంపలు మోస్తున్నారు. చీరకొంగులు గాలికి జెండాల్లా కొట్టుకుంటున్నాయి. అంత తక్కువ ఎత్తులో, అంత మోతతో విమానం తల మీద తిరుగుతుంటే ఒక్కరూ తలెత్తడం లేదు.

"సార్, కిందికి చూడండి. మనల్ని ఎవరైనా చూస్తున్నారా?"

వెనక నుంచి సణుగుడు లాంటి ప్రార్థన వినిపించింది.

"వాన వస్తోంది సార్. వాళ్ళు పంట కోసం వచ్చారు. వాన పడేదాకా పోరు. కంచె వాళ్ళని చూసి మనల్ని దిగనివ్వదు. పన్నెండు నిమిషాల్లో మోటారు ఆగుతుంది. అప్పుడు కంచె ఉన్నా లేకపోయినా కిందికే పోతాం. ఎవరి మీద పడతామో నాకు తెలియదు."

ఆమె రేడియో మీట నొక్కింది. "అన్నా, ఆ డబ్బా ఎక్కడ బిగించినవ్?"

పరాంకుశం తన మైకులోనే గద్దించాడు. "వేదాచారీ, అది భద్రతా పరికరం. చెప్పావంటే నీ ఉద్యోగం ఉండదు."

"సార్, మీరు గూడ లోపలే ఉన్నరు గద," అన్నాడు వేదాచారి. తర్వాత గొంతు మారింది. "నీలా, నీ సీటు కింద, కుడి దిక్కు. సీలు పగలగొట్టు. మూత కిందనే తెల్ల తీగ. తెంపెయ్. కానీ రోడ్డు మీద జనమున్నరు, మక్కలున్నయ్. ఉత్త చేతులతోని ఎట్ల దిగుతవ్?"

"తొంభై అంగల జాగా చూడు అన్నా. ఎనిమిది నిమిషాలు తిరుగుతా."

*

కింద ఎస్సై మైకు పట్టుకుని అరుస్తూనే ఉన్నాడు. "రోడ్డు ఖాళీ చెయ్యాలె. విమానం వస్తున్నది. అందరు ఇండ్లల్లకు పోవాలె."

ఎవరూ కదల్లేదు. వేదాచారి పరుగెత్తాడు. అంతమందిలో అతనికి తెలిసిన మొహం ఒక్కటే, ప్రమాదం నాటి ఫోన్ వీడియోల్లో చూసింది. కేళీ తన కుప్ప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చంక కర్రతో టార్పాలిన్ అంచును తొక్కిపట్టి ఉంది.

"అమ్మా, పైన నా చెల్లె ఉన్నది. ఛార్జింగ్ అయిపోతున్నది. ఇక్కడనే దిగాలె."

కేళీ మొదటిసారి తల తిప్పి అతని వైపు చూసింది. "మక్కలు ఇడ్సిపెట్టి ఇండ్లల్లకు పొమ్మంటె ఎవ్వరు పోరు."

"పోవద్దు. జాగ గావాలె, అంతే."

"ఎంత?"

"పొడుగు తొంభై అంగలు. అడ్డం రోడ్డంత."

"ఎంతసేపట్ల?"

"ఏడు నిమిషాలు."

ఆమె వేదాచారి భుజం పట్టుకుని లేచి, కర్రను కుర్చీకేసి మూడుసార్లు కొట్టింది. మొదట లంబాడీలో, తర్వాత తెలుగులో కేకేసింది. "మీద ఆడిపిల్ల ఉన్నదంట. దిగుతది. కుప్పలన్ని రెండు దిక్కుల పక్కకు గుంజుండ్రి. నడిమిట్ల ఒక్క గింజ ఉండద్దు, కాలు జారుతది దానికి. టార్పాలిన్లు లేస్తె రెక్కలల్ల సుట్టుకుంటయ్. ఎవలి టార్పాలిన్ మీద వాళ్ళే బరువయ్యి కూసోండ్రి."

"ఎవలున్నరు లోపల?" ఎవరో అడిగారు.

"నా కాలిరగ్గొట్టినామెనే," అంది కేళీ. "గుంజుండ్రి."

గింజలు లాగే చెక్క పలకలు కదిలాయి. ఇద్దరిద్దరు తాడు పట్టి లాగితే పసుపు రంగు అలలా పక్కకు జరిగింది. ఆడవాళ్ళు చీపుర్లతో వెనకే ఊడ్చారు. "రాళ్ళు," అని అరిచాడు వేదాచారి. లారీలు తొక్కకుండా మక్కల చుట్టూ పేర్చిన రాళ్ళు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. ఎస్సై మైకు కింద పడేసి తనూ రాళ్ళు మోశాడు.

*

సీటు కింద లక్క చిట్లింది. నీలవేణి మూత ఊడబెరికి, తెల్ల తీగను వేలికి చుట్టుకుని లాగింది. కడ్డీ ఒక్కసారిగా తేలికైంది.

నాలుగు నిమిషాల ఛార్జింగు.

రోడ్డు నల్లగా, పొడవుగా కనిపించింది. రెండు అంచుల్లో వరసగా మనుషులు, కుప్పల మీద పరిచిన టార్పాలిన్లపై తలలు వంచుకుని, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నారు. అరికాలు ఆకుపచ్చ దీపం వెలిగించి చక్రాలను బిగించబోయింది. నీలవేణి దాని మాట వినలేదు. మీట తిప్పి చక్రాలను చేత్తోనే మెత్తబరిచింది. అక్కడక్కడా గింజలు మిగిలే ఉంటాయి. మెత్తటి రబ్బరైతే వాటిని మింగేస్తుంది.

రెక్కలు ఆ తలల మీదుగా మూరెడు ఎత్తున దూసుకుపోయాయి. చక్రాలు తాకాయి. జారలేదు. అరవై, డెబ్భై, ఎనభై. వేదాచారి నిలబడ్డ చోటుకు ఐదు అంగల ముందు మిడత ఆగింది.

మొదటి చినుకు అద్దం మీద పడింది.

విమానం దిగితే జనం మీద పడతారని కదా భద్రతా సంఘం భయం. ఎవరూ రాలేదు. రెండు వందలమంది లేచి, ఎవరి టార్పాలిన్ వాళ్ళు బిగించుకునే పనిలో పడ్డారు. నీలవేణి దిగి కేళీ ముందు నిలబడింది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది.

"ఏం సూస్తున్నవ్?" అంది కేళీ. "గా కొస పట్టు."

నీలవేణి ఒక కొస పట్టుకుంది. గాలి రెండోదాన్ని ఎగరేసింది. పరాంకుశం, కోటుతో సహా, దాని మీద పడి పట్టుకున్నాడు.

*

విచారణ మే పదహారున, నగరంలో, ఏసీ గదిలో. పరాంకుశం ఒక టైపు చేసిన కాగితం జరిపాడు.

"గాలి కుదుపుకి సీలు చిట్లి, తీగ దానంతటదే ఊడిపోయింది. ఇలా రాశాను. మీ లైసెన్సు ఉంటుంది, మిడత ఉంటుంది. కంచెలో తీగ గట్టిగా బిగించమంటాం, అంతే. నన్ను ప్రాణాలతో దింపారు, ఆ కృతజ్ఞత నాకుంది. సంతకం పెట్టండి."

"కేళీ మీద కేసు?"

"అది వేరే నివేదిక. అయిపోయింది."

"సార్, మీరు పైనుంచి చూశారు కదా. ఆ రోజు ఎవరైనా తమాషా చూడ్డానికి వచ్చారా?"

పరాంకుశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను చూడలేదమ్మాయ్. కళ్ళు మూసుకున్నాను."

"కంచె మూసుకోలేదు సార్," అన్నాడు వేదాచారి. ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "మనుషుల్ని లెక్కపెట్టమన్నారు, పెట్టింది. రోడ్డు మీద రెండు వందల పద్నాలుగు మంది. మొహం పైకి ఉన్నవాళ్ళు ముగ్గురు. ఒకరు ఎస్సై గారు. ఇద్దరు చంకల్ల పిల్లలు."

గదిలో ఉన్న గుమాస్తా నవ్వు దాచుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.

నీలవేణి టైపు కాగితాన్ని తిరగేసింది. వెనక వైపు ఖాళీగా ఉంది. కలం తీసి రాయడం మొదలుపెట్టింది. 'కేళీ ఎవరి దారిలోకీ చొరబడలేదు. ఆమె పంట ఆరబోసుకున్న రోడ్డు మీదికి నేనే చొరబడ్డాను. ఆమెను అడగకుండా మొదటి నివేదికలో సంతకం పెట్టాను. అది అబద్ధం. కంచె తీగ ఊడిపోలేదు. నేను తెంపాను.'

"తీగ చోటు జెప్పింది నేనని రాయి," అన్నాడు వేదాచారి.

"అన్నా, నీ ఉద్యోగం..."

"రాయి."

రాసింది. సంతకం పెట్టి, ఇంకో కాగితం తీసుకుని, అక్షరం పొల్లు పోకుండా నకలు కూడా రాసింది. రెండూ ముందుకు జరిపింది.

పరాంకుశం చదివాడు. "ఇది తీసుకుంటే ఈ రోజే మీ లైసెన్సు రద్దు చేయాలి. మిడతకు సీలు వేయాలి. ఆరేళ్ళ పని."

"తెలుసు సార్."

"మీకోసం కాకపోయినా, ఆ అరవై తండాల కోసమైనా ఆలోచించండి."

"పోయినసారి వాళ్ళ పేరు చెప్పుకునే సంతకం పెట్టాను సార్. ఆ అరవైలో ఒక తండా మనిషినే కోర్టుకి పంపాను. ఇంకోసారి పెట్టను." ఆమె బ్యాగులోంచి లైసెన్సు తీసి బల్ల మీద ఉంచింది. "కేళీ వాయిదా ఎల్లుండి. నకలు మీద అందినట్టు ముద్ర వేసివ్వండి. జడ్జి గారికి చూపించాలి."

"వేయనంటే?"

"ఇక్కడే కూర్చుంటాం."

అన్నాచెల్లెళ్ళిద్దరూ గోడవారగా ఉన్న కుర్చీల్లో కూర్చున్నారు. ఐదైంది. గుమాస్తా గడియారం చూశాడు. ఐదూ పావైంది. పక్క గదుల్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. పరాంకుశం ఆ కాగితాన్ని మూడోసారి చదివాడు. వేదాచారి తెచ్చిన లెక్క చూశాడు. నీలవేణి వైపు చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు.

చివరికి ఆయన గుమాస్తా వైపు చెయ్యి చాచాడు. ముద్ర అందుకుని, సిరాలో అద్ది, నకలు మీద గట్టిగా గుద్దాడు. రెండో చేత్తో లైసెన్సును సొరుగులోకి తోశాడు.

నీలవేణి సిరా ఆరేదాకా ఆ కాగితాన్ని చేత్తో పట్టుకునే మెట్లు దిగింది.

"ఎల్లుండి పొద్దున మానుకోట బస్సు ఎన్నింటికి?" అడిగాడు వేదాచారి.

"ఐదున్నరకి. రేపే తండాకి పోవాలె, కేళీని ఎక్కించుకోవాలె," అంది.